కొనే ముందు పైకి చూడాలి: పెళ్లి పందిట్లో ఫ్లాష్ లెక్కలు

ఫ్లాష్ తల పైకి తిప్పి కొట్టు, వెలుగు మెత్తగా పడుతుంది. కెమెరా పట్టిన ప్రతివాడికీ మొదట దొరికే సలహా ఇదే. సలహాలో తప్పు లేదు, కాకపోతే అది తెల్ల సీలింగు ఉన్న గదిలో పుట్టిన సలహా. మిర్యాలగూడ పక్క పల్లెలో ఇంటిముందు టెంటు వేసి లగ్గం చేస్తుంటే పైన ఉండేది ఎరుపు, పసుపు చారల షామియానా గుడ్డ. దాని మీదికి కొట్టిన వెలుగు ఆ రంగు పూసుకుని కిందికి దిగుతుంది. పెళ్లికూతురి నుదురూ ముక్కూ నారింజ రంగులోకి పోతాయి. పక్కనుంచి వీడియో లైటు తగిలిన చెంప మాత్రం తెల్లగా ఉంటుంది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని నుదురు దిద్దితే చెంప నీలం కొడుతుంది, చెంప దిద్దితే నుదురు చెడుతుంది. పచ్చి కొబ్బరాకుల పందిరైతే ఇంకా కష్టం. ముఖానికి ఆకుపచ్చ ఛాయ రావడమే కాదు, సగం వెలుగు ఆకుల సందుల్లోంచి ఆకాశంలోకి పోతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పెళ్లిళ్లు తీసేవాళ్లు ఒకే వారంలో ఏసీ ఫంక్షన్ హాలులో ఒకటి, ఇంటిముందు టెంటులో ఒకటి తీస్తారు. మధ్యలో రాత్రి బరాత్, మర్నాడు సాగర్ నీళ్ల దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్. ఇన్ని చోట్లలో, వెలుగును పైకి కొట్టి తెచ్చుకునే బౌన్స్‌కు నిజంగా పనికొచ్చే సీలింగు ఉండేది ఒక్క హాలులోనే, అదీ అన్ని హాళ్లలో కాదు. ఇక్కడ పెద్ద కంపెనీ ఫ్లాష్ ఒక్కటి కొని కెమెరా మీద బిగించుకోవడం కన్నా, ఒకే రేడియో పద్ధతిలో పనిచేసే మధ్యరకం ఫ్లాష్‌లు రెండు, ఒక ట్రిగ్గర్ (కెమెరా మీద ఉండి దూరంలోని ఫ్లాష్‌ను పేల్చేది), ఒక స్టాండు, ఒక తెల్ల గొడుగు కొనడం మేలు. రెండో ఫ్లాష్ శక్తిని మనమే చేత్తో పెట్టుకునే పూర్తి మాన్యువల్‌దైనా ఇబ్బంది లేదు.

అమ్మేవాళ్లు ముందుగా చూపించేది ఫ్లాష్ బలం చెప్పే అంకె, గైడ్ నంబర్. పెట్టె మీద 60 అని ఉంటే బలమైనదని, 36 అని ఉంటే బలహీనమైనదని అనుకుంటారు. ఆ అంకె ఏ జూమ్ దగ్గరిదో అడగకపోతే దానికి విలువ లేదు. కెనాన్ 600ఈఎక్స్-ఆర్‌టీ తీసుకుంటే, ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 100 దగ్గర, మీటర్లలో, ఫ్లాష్ తల 200 మి.మీ.కు జూమ్ అయినప్పుడే దాని నంబరు 60. 70 మి.మీ. దగ్గర 50, 50 దగ్గర 42, 35 దగ్గర 36, 24 దగ్గర 28. పెళ్లిలో ఎక్కువసేపు కెమెరాకు ఉండేది 24-70 లెన్సు. అంటే చేతిలో ఉన్న అసలు బలం 28 నుంచి 50 వరకే. కొందరు ఐఎస్ఓ 200 దగ్గరిది రాస్తారు, కొందరు అడుగుల్లో రాస్తారు. ఇవన్నీ ఒకే కొలతకు తెచ్చాకే రెండు ఫ్లాష్‌లను పోల్చాలి.

లెక్క తేలికే. ఫ్లాష్ నుంచి మనిషికి ఉన్న దూరాన్ని ఎఫ్ నంబరుతో (లెన్సు కంత ఎంత తెరిచిందో చెప్పే అంకె, అది పెరిగితే కంత చిన్నదవుతుంది) గుణిస్తే కావలసిన గైడ్ నంబర్ వస్తుంది. స్టేజి మీద గ్రూపు ఫోటో, దూరం 5 మీటర్లు, ఎఫ్/5.6 అనుకుందాం: 28. ఐఎస్ఓ 400 పెడితే ఫ్లాష్ నంబరు రెట్టింపవుతుంది కాబట్టి ఐఎస్ఓ 100 లెక్కలో 14 చాలు. 35 మి.మీ. దగ్గర 36 ఇచ్చే ఫ్లాష్‌కు 14 అంటే, వర్గాల లెక్కన (36ను 14తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే), నిండు శక్తిలో ఆరేడో వంతు. డయల్ 1/8కీ 1/4కీ మధ్య ఉంటే సరిపోతుంది. అదే ఫ్లాష్‌ను గొడుగులోంచి కొడితే సుమారు రెండు స్టాపులు పోతాయి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), అంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. ఇప్పుడు సగానికి పైన పెట్టాల్సి వస్తుంది. సీలింగుకు కొట్టి తెచ్చుకుంటే రెండు మూడు స్టాపులు పోతాయి. తెల్ల సీలింగు పన్నెండడుగుల లోపు ఉంటే ఐఎస్ఓ 800తో హాయిగా నడుస్తుంది. ఇరవై అడుగులు దాటాక ఫ్లాష్ ప్రతిసారీ నిండుగా పేలుతుంది, ఫోటో మాత్రం చీకటిగానే ఉంటుంది. ఈమధ్య హాళ్లలో పీఓపీ సీలింగుకు బంగారు రంగు, ముదురు గోధుమ రంగు వేస్తున్నారు. అలాంటిచోట ఎత్తు ఎంతన్నది ఇక అడగక్కర్లేదు, బౌన్స్ ఆలోచనే మానుకోవాలి.

సీలింగు బాగున్నా ఫ్లాష్ తలను నిట్టనిలువుగా పెట్టకూడదు. నెత్తిమీది నుంచి దిగిన వెలుగుకు కళ్లు గుంతల్లో పడతాయి, బాసికం నీడ కనుబొమ్మల మీద గీతలా వస్తుంది. తలను ఫోటో తీసేవాడి వెనక్కీ, ఒక పక్కకీ వాల్చి, వెలుగు వెనక గోడా సీలింగూ కలిసే మూలకు తగిలేలా చూడాలి. అప్పుడు ఆ మూల మొత్తం పెద్ద కిటికీలా మారి ముఖం మీదికి ఏటవాలుగా వెలుగు పంపుతుంది. మైలపోలు, పెళ్లికూతురిని చేయడం లాంటివి ఇళ్లలో జరుగుతాయి. అక్కడ సీలింగు తెల్లగా ఉన్నా గోడలకు లేత నీలమో, గులాబీయో, ఆకుపచ్చో డిస్టెంపర్ ఉంటుంది. గోడ రంగు ముఖానికి అంటకుండా ఉండాలంటే స్టేషనరీ దుకాణంలో దొరికే పెద్ద తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి వెంట ఉంచుకుంటే చాలు. సహాయకుడు దాన్ని మూడు నాలుగడుగుల దూరంలో పట్టుకుంటే మన గోడ మన వెంటే వచ్చినట్టు.

తెల్ల ప్లాస్టిక్ టోపీ గురించి ఒక మాట. ఫ్లాష్‌తోపాటు ఉచితంగా వచ్చే ఆ డిఫ్యూజర్ తొడిగితే వెలుగు మెత్తబడుతుందని గట్టి నమ్మకం. వెలుగు మెత్తదనం దాని మూలం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి, ఎంత దగ్గరగా ఉందన్న దాన్ని బట్టి వస్తుంది. అరచేతిలో సగం కూడా లేని ఫ్లాష్ ముఖానికి అంతే సైజు టోపీ పెడితే మూలం పెరగదు. గదిలోనైతే నాలుగు దిక్కులా చెదిరిన వెలుగు గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి కొంత లాభం. ఆరుబయట, టెంటులో అది ఒక స్టాపు మింగి కూర్చుంటుంది, అంతే.

ఇక కెమెరాకూ ఫ్లాష్‌కూ కుదరకపోవడం. కెనాన్ చవకరకం బాడీలు కొన్నిటిలో, 1500డి, 3000డి, 200డి మార్క్ 2 వంటివాటిలో, హాట్ షూ (ఫ్లాష్ బిగించే గాడి) నడిమధ్య ఉండాల్సిన పెద్ద చుక్క తీసేశారు. ఒకే పిన్ను ఉన్న మాన్యువల్ ఫ్లాష్‌లు, పాతరకం ట్రిగ్గర్లు పేలాలంటే ఆ చుక్కే ఆధారం. అది లేకపోతే ఫ్లాష్ చెడిపోయిందనుకుని దుకాణం చుట్టూ తిరుగుతారు. నైకాన్ డి3500, డి5600 మీద ఎంత ఖరీదైన ఫ్లాష్ పెట్టినా హైస్పీడ్ సింక్ (షట్టర్ చాలా వేగంగా తెరిచి మూసినా ఫ్లాష్ పనిచేసే సౌకర్యం) రాదు, ఎందుకంటే ఆ సౌకర్యం బాడీలోనే లేదు. సోనీ షూలో పిన్నుల అమరికే వేరు. మిర్రర్‌లెస్ కెమెరాలో సైలెంట్ షట్టర్ ఆన్ చేసి ఉంటే చాలా మోడళ్లలో ఫ్లాష్ అసలు పేలదు. కాబట్టి సొంత బాడీని దుకాణానికి తీసుకెళ్లి, దాని మీదే బిగించి, పేల్చి చూశాకే డబ్బులివ్వాలి.

ఫిల్ము కాలపు ఫ్లాష్‌లను అటక మీంచి దించి కొత్త కెమెరాకు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటిలో కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజి 200 వోల్టులు దాటుతుంది. కొత్త కెమెరా లోపలి సర్క్యూట్ దానికి తట్టుకోకపోవచ్చు. మల్టీమీటరుతో కొలవకుండా బిగించొద్దు.

హైదరాబాద్ కోఠి వైపు పోయి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చూడాల్సింది పైపెయింటు కాదు. సెల్లు వేసే అర తెరిచి రేకుల మీద ఆకుపచ్చ చిలుము, తెల్ల పొడి ఉందేమో చూడాలి. ట్యూబు రెండు కొసలూ నల్లబడ్డాయంటే అది చాలా పెళ్లిళ్లు చూసొచ్చినట్టే. నిండు శక్తిలో వరసగా పదిసార్లు కొట్టి, ప్రతిసారీ రెడీ దీపం వెలగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టాలి. మొదటిది మూడు సెకన్లు, పదోది పది సెకన్లు అయితే సెల్లో, కెపాసిటరో అలసిపోయిందని అర్థం. కొత్త సెల్లు వేసి మళ్లీ చూస్తే తప్పు దేనిదో తేలిపోతుంది.

పెళ్లిలో నిజంగా నొప్పి పెట్టేది ఈ సెకన్లే. మూడు ముళ్లు పడటానికి ఎంతసేపు? ఆ క్షణంలో రెడీ దీపం ఆరిపోయి ఉంటే మళ్లీ కట్టమని అడగలేం. గోడాక్స్‌లో ఒకే తరానికి చెందిన రెండు మోడళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగు పెన్సిల్ సెల్లతో నడిచే టీటీ685-2 నిండు శక్తిలో కోలుకోవడానికి 2.6 సెకన్లు, లిథియం బ్యాటరీతో వచ్చే వీ860-3కి 1.5 సెకన్లు. కంపెనీ లెక్కలో మొదటిది ఆ నాలుగు సెల్లతో నిండు ఫ్లాష్‌లు 230, రెండోది ఒక చార్జింగుతో 480. కెమెరా మీద ఉండేదాన్ని లిథియంది తీసుకుని, స్టాండు మీద ఉండేదాన్ని సెల్లది తీసుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. కోలుకునే సమయం తగ్గించే మార్గం ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఐఎస్ఓ 400 నుంచి 1600కు పెంచితే ఫ్లాష్ పని నాలుగో వంతుకు పడిపోతుంది. నిండుగా పేలాల్సింది పావు శక్తితో పేలుతుంది, దీపం దాదాపు వెంటనే వెలుగుతుంది.

సెల్లు వేసేటప్పుడు కిరాణా కొట్టులో టార్చి కోసం అమ్మే మామూలు జింక్ సెల్లు పనికిరావు. ఆల్కలైన్ మొదట్లో బాగుంటుంది, కానీ ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగితే దాని లోపలి నిరోధం అడ్డుపడి నెమ్మదిస్తుంది. చార్జింగ్ పెట్టే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లకు 1.2 వోల్టులే ఉన్నా ఆ నిరోధం తక్కువ, అందుకే ఇవే వేగం. నాలుగింటికీ ఒకే తేదీ మార్కరుతో రాసి, ఒకే జట్టుగా చార్జ్ చేసి, ఒకే జట్టుగా వాడాలి. అందులో ఒకటి బలహీనమైనా మిగతా మూడూ దాని కోసం ఆగుతాయి. అచ్చం పెన్సిల్ సెల్లలా కనిపించే 14500 లిథియం సెల్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. అవి ఒక్కోటి 3.7 వోల్టులు. నాలుగు వేస్తే ఆరు వోల్టుల ఫ్లాష్‌లోకి పద్నాలుగుకు పైగా వెళ్తాయి, ఫ్లాష్ కాలిపోతుంది.

ఎండాకాలం వేరే లెక్క. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలున్నప్పుడు టెంటు కింద ఫ్లాష్ ముందే వేడెక్కి ఉంటుంది. నిండు శక్తిలో వరసగా ముప్పై కొట్టాక కనీసం పది నిమిషాలు ఆపమని కొన్ని మాన్యువళ్లలోనే ఉంటుంది. ఆ వేడిలో అంతకన్నా ముందే థర్మామీటర్ బొమ్మ వచ్చి ఫ్లాష్ మొరాయించవచ్చు. అప్పుడు ఆఫ్, ఆన్ చేసి కొట్టడం వల్ల లాభం లేదు, ముందున్న ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగి కరుగుతుంది. శక్తి తగ్గించి ఐఎస్ఓ పెంచడమే మందు. లిథియం బ్యాటరీని కారు డాష్‌బోర్డు మీద వదిలితే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని నొక్కి లోపల పెట్టకూడదు.

అభిజిత్ లగ్నమంటే మిట్టమధ్యాహ్నమే. మనుషులు టెంటు నీడలో, వాళ్ల వెనక ఎండ. ఎండను పట్టుకుంటే ముఖాలు నల్లబడతాయి, ముఖాలు పట్టుకుంటే వెనకంతా సున్నం కొట్టినట్టవుతుంది. ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 దగ్గర నిండు ఎండకు ఎఫ్/11 కావాలి. 35 మి.మీ. దగ్గర 36 ఇచ్చే ఫ్లాష్ ఎఫ్/11తో ఎంత దూరం పోతుంది? 36ను 11తో భాగిస్తే 3.3 మీటర్లు. అంతకు మించి దూరంలో ఉన్నవాళ్లకు ఎండతో సమానమైన వెలుగు ఇవ్వడం ఈ సైజు ఫ్లాష్ వల్ల కాదు. షట్టర్ 1/200 దాటిస్తే చాలా కెనాన్ బాడీల్లో ఫ్రేముకు ఒక వైపు నల్లపట్టీ వస్తుంది. షట్టర్ తెరలు రెండూ ఒకేసారి పూర్తిగా తెరిచి ఉండే వేగం అక్కడితో ముగుస్తుంది. హైస్పీడ్ సింక్ పెడితే పట్టీ పోతుంది గానీ, ఫ్లాష్ ఒక్క దెబ్బకు బదులు చిన్నచిన్న దెబ్బలుగా కొడుతూ రెండు స్టాపులకు పైగా బలం పోగొట్టుకుంటుంది. అందుకని మిట్టమధ్యాహ్నం టెంటు కింద హైస్పీడ్ మోజు వద్దు. ఎండను సరిగ్గా కాక ఒక స్టాపు ఎక్కువగా ఒప్పుకుని, ఫ్లాష్‌ను గొడుగు లేకుండా నేరుగా, మనుషులకు రెండున్నర మూడు మీటర్లలో నిలబెట్టి కొట్టడం నయం.

గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు, జరీ. టీటీఎల్ పద్ధతిలో ఫ్లాష్ ముందుగా ఒక చిన్న మెరుపు పంపి, ఎంత తిరిగొచ్చిందో చూసి, అసలు మెరుపు ఎంతుండాలో లెక్కగడుతుంది. జరీ పైట నిండుగా ఫ్రేములో ఉంటే అది అద్దంలా తిప్పికొడుతుంది, వెలుగు ఎక్కువైందని కెమెరా తగ్గిస్తుంది, ముఖం చీకటి పడుతుంది. పెళ్లికొడుకు తెల్ల పంచె కట్టినా అంతే. రిసెప్షన్‌లో నల్ల సూటు వేస్తే తలకిందులు, ముఖం సున్నమవుతుంది. జరీకి, తెలుపుకు ఫ్లాష్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకు మనం కలిపే, తీసే స్టాపులు) +0.7 నుంచి +1, నల్ల సూటుకు -0.7 దగ్గర మొదలుపెట్టి ఒక్క ఫోటో చూసుకుని సర్దుకోవాలి. జరీ మీద తెల్లటి మచ్చలు పడుతుంటే కాంపెన్సేషన్ వల్ల పోవు, ఫ్లాష్‌ను పక్కకు జరిపితేనే పోతాయి.

స్టేజి మీద గ్రూపులకైతే టీటీఎల్ మానేయడమే మంచిది. బంధువులు మారుతుంటారు, చీరలు మారుతుంటాయి, ఫ్లాష్ నుంచి సోఫాకు దూరం మాత్రం మారదు. దూరం మారనప్పుడు మాన్యువల్ ఒక్కసారి కుదిర్చితే మూడు వందల ఫోటోలూ ఒకే తీరుగా వస్తాయి. ముందుమెరుపు కూడా ఉండదు కాబట్టి దానికి కళ్లు మూసే పెద్దమనుషులు కళ్లు తెరిచే దొరుకుతారు. నడుస్తూ తీసే ఎదురుకోళ్లలో, బరాత్‌లో దూరం క్షణక్షణం మారుతుంది. అక్కడ టీటీఎల్ ఉండాల్సిందే.

గ్రూపుల్లో ఇంకో చిక్కు: ముందు కింద కూర్చున్న పిల్లలు తెల్లగా, వెనక నిలబడ్డ మేనమామలు నల్లగా. ఫ్లాష్ నుంచి ముందు వరుస 3 మీటర్లు, వెనక వరుస 5 మీటర్లు ఉంటే ముందువాళ్లకు పడే వెలుగు దాదాపు మూడు రెట్లు. స్టాండును వెనక్కి జరిపి అవే వరుసలు 6, 8 మీటర్లకు వచ్చేలా పెడితే తేడా రెండు రెట్లకన్నా తక్కువవుతుంది. స్టాండును ఎత్తు పెంచి, తలను వెనక వరుస వైపు గురిపెడితే ఇంకా సర్దుకుంటుంది. స్టాండు కాళ్ల మీద ఇసుక సంచి వేయడం మరిచిపోతే, కూలర్ గాలికి గొడుగు తెరచాపలా పట్టుకుని మొత్తం బోర్లా పడుతుంది.

తలంబ్రాల దగ్గర చాలామందికి బియ్యం గీతలుగా వస్తాయి. షట్టర్ 1/200 పెట్టినా ఎగిరే గింజ ఆగదు, దాన్ని ఆపేది ఫ్లాష్ మెరుపు నిడివి. నిండు శక్తిలో మెరుపు సుమారు సెకనులో మూడు వందలో వంతు వరకు సాగుతుంది. శక్తి తగ్గించేకొద్దీ మెరుపు మధ్యలోనే తెగిపోతుంది, 1/128 దగ్గర కొన్ని ఫ్లాష్‌లలో ఇరవై వేలో వంతు దాకా పోతుంది. కాబట్టి 1/16 చుట్టుపక్కల పెట్టి, ఫ్లాష్‌ను దగ్గరికి తెచ్చుకోవాలి. దీనికి షరతు, వీడియో లైటు వెలుగు ఫ్లాష్ కన్నా మూడు స్టాపులైనా తక్కువ ఉండాలి. వీడియో అన్న తన లైటు ఆపడు. కనుక స్టాండు ఫ్లాష్‌ను వధూవరులకు ఏడెనిమిదడుగుల లోపు పెట్టుకుని, ఎఫ్ నంబరు పెంచి, ఆయన వెలుగును పలచన చేయాలి. హోమం పొగకు కూడా ఆ స్టాండే దిక్కు. కెమెరా మీది ఫ్లాష్ ముందు పొగకు తగిలి ఫ్రేమంతా పాలు పోసినట్టు చేస్తుంది, పక్కనుంచి వచ్చే వెలుగుకు అదే పొగ వెనక అందంగా కనిపిస్తుంది.

రెండు హాళ్లు పక్కపక్కనే ఉన్నచోట మన ఫ్లాష్ ఎవరూ నొక్కకుండానే పేలుతుంటే భయపడక్కర్లేదు. పక్క హాలువాళ్లదీ అదే కంపెనీ, అదే చానెల్ అయి ఉంటుంది. చానెల్, ఐడీ రెండూ మార్చాలి. ఎస్1 అనే వెలుగుతో పేలే పద్ధతిలో పెడితే ఎవరి ఫ్లాష్ మెరిసినా మనదీ పేలి, సెల్లు భోజనాల వేళకే అయిపోతాయి.

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి ఫ్లాష్‌ను దాదాపు దాచిపెట్టి వాడాలి. నేరుగా కొడితే తంగేడు పసుపు సున్నంలా, గునుగు కాగితంలా అవుతుంది, వెనక దీపాలన్నీ ఆరిపోతాయి. ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8, షట్టర్ 1/30 దగ్గర దీపాల వెలుగును ముందు పట్టుకుని, ఫ్లాష్‌ను -1.7కు దించి, షట్టర్ మూసుకునే ముందు పేలే రియర్ కర్టెన్‌లో పెడితే, చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్ల కదలిక వెనక జాడగా మిగిలి, ముఖం చివర్లో స్పష్టంగా నిలుస్తుంది. చుట్టూ పసుపు బల్బులుంటే ఫ్లాష్ మీద హాఫ్ నారింజ జెల్ (రంగు పారదర్శక పొర) అతికించాలి, లేకపోతే ముఖాలు నీలంగా, వెనక ఎర్రగా వస్తుంది. ఇప్పుడు చాలా ఊళ్లలో తెల్ల ఎల్ఈడీలు పెడుతున్నారు, అక్కడ జెల్ పెడితేనే తప్పు. ఫ్లాష్ లేకుండా ఒక్కటి తీసి చూస్తే ఏది కావాలో తెలుస్తుంది.

ఆషాఢంలో, మూఢంలో లగ్గాలుండవు, సంచి మూలన పడుతుంది. పెన్సిల్ సెల్లు తీసేసి విడిగా ఉంచాలి, లిథియందాన్ని సగం చార్జింగుతో. నెలకోసారి ఫ్లాష్ ఆన్ చేసి పది నిమిషాలు ఉంచి, నాలుగైదు సార్లు నిండుగా పేలిస్తే కెపాసిటర్ బాగుంటుంది. పేలకపోతే ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పొద్దు. సెల్లు తీసేశాక కూడా ఆ కెపాసిటర్‌లో 300 వోల్టుల చుట్టుపక్కల కాచుకుని ఉంటుంది.